మన వీధి ఏ గడిలో ఉంది?

(కడపలో ఒక సాయంత్రం డిగ్రీ విద్యార్థులు, కాలనీల నివాసులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయిన వాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం. మాట తడబడిన చోట్ల తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడిన వాళ్ళు ముందుకు రండి, ఇక్కడ జంపఖానా ఖాళీగానే ఉంది. రా నాయనా, మొహమాటం ఎందుకు? అమ్మా, మీకు కుర్చీ వేస్తారు, కూర్చోండి.

మొదట ఒక మాట అడుగుతాను. మీలో 2004 మార్చి తర్వాత, 2011 మార్చి లోపల పుట్టిన వాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, సగం గది. మీరంతా 2011 జనాభా లెక్కల్లో ఒకే గడిలో ఉన్నారు. ‘0-6 సంవత్సరాల పిల్లలు’ అనే గడి. ఆ పట్టిక తెరిస్తే ఈరోజుకీ మీరు చంకలో బిడ్డలే. ఇక్కడ చూస్తే డిగ్రీ చదువుతున్నారు, బండ్లు నడుపుతున్నారు, కొందరు ఓటు కూడా వేసొచ్చారు. మరి మన పేటలో ఎన్ని ఇళ్ళకు కొళాయి ఉంది, ఎంతమందికి చదువు వచ్చు అని వార్డు స్థాయిలో తెలుసుకోవాలంటే, ఇంటింటికీ తిరిగి రాసి అచ్చువేసిన పూర్తి లెక్క మనకు అదొక్కటే. 2021లో జరగాల్సిన లెక్క కోవిడ్ వల్ల జరగలేదు. మళ్ళీ మనుషుల్ని లెక్కపెట్టేది 2027 ఫిబ్రవరిలో. అంటే ఆ గడి దాటాక మీ బాల్యమంతా ఏ లెక్కలోనూ పడకుండా గడిచిపోయింది. ఇది చిన్న విషయమా? నాకైతే కాదు.

నేను బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. 2010లో ఇళ్ళ లెక్కకూ, 2011 ఫిబ్రవరిలో మనుషుల లెక్కకూ ఎన్యూమరేటరుగా తిరిగాను. ఒక బ్లాకు ఇచ్చారు. బ్లాకు అంటే సుమారు 120 నుంచి 150 ఇళ్ళు, ఆరేడు వందల మంది మనుషులు. ప్రతి గడపా ఎక్కాను. తర్వాత చాలా ఏళ్ళకు వార్డు పట్టికను కంప్యూటర్లో చూసినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. నేను రాసిన మనుషులంతా ఒక వరసలో, ఒకే ఒక్క వరసలో, అంకెలైపోయి ఉన్నారు. ఆ అంకెల్ని మళ్ళీ మనుషులుగా ఎట్లా చదవాలో చెప్పడానికే వచ్చాను.

మొదట మన ఊరి మొత్తం అంకె చూద్దాం. 1991లో కడప మునిసిపాలిటీ జనాభా లక్షా ఇరవై ఒక్క వేల చిల్లర. 2001లో లక్షా ఇరవై ఆరు వేల చిల్లర. పదేళ్ళలో అయిదు వేలు పెరిగింది, అంతే. 2011లో? సుమారు 3 లక్షల 44 వేలు. ఏమంటారు? పదేళ్ళలో అయిదు వేలు పెరిగిన ఊరు ఆ తర్వాత పదేళ్ళలో రెండు లక్షలకు పైగా పెరుగుతుందా? ఇంత జనం ఎక్కడినుంచి వచ్చి పడ్డారు?

వాళ్ళలో చాలామంది ఎక్కడినుంచీ రాలేదు. అంతకుముందే ఇక్కడ ఉన్నారు. 2001లో చిన్నచౌక్ మునిసిపాలిటీలో లేదు, జనాభా లెక్కల్లో అది వేరే పట్టణం! మనం చిన్నచౌక్ పోయి కూరగాయలు తెచ్చుకునేటప్పుడు ఊరు దాటి పోతున్నామని ఎప్పుడైనా అనుకున్నామా? కాగితం మీద మాత్రం ఊరు దాటినట్టే. 2004లో కార్పొరేషన్ అయినప్పుడు చుట్టుపక్కల ఊళ్ళు కలిసిపోయాయి. ఊరి హద్దు గీత పక్కకు జరిగింది, మనుషులు జరగలేదు. 1991కీ 2001కీ మధ్య ఊరు పెరగలేదనడం కూడా తప్పే. పాత గీత లోపల జాగా నిండిపోయింది, పెరగాల్సిందంతా గీత బయట పెరిగింది. అందుకని రెండు లెక్కల్ని పక్కపక్కన పెట్టే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న: గీత అదేనా? ఆ ప్రశ్న అడక్కుండా ‘కడప మూడింతలు పెరిగింది’ అని ఎవరైనా ప్రాజెక్టు రిపోర్టులో రాస్తే, పిల్లలూ, మీరు లేచి నిలబడి అడగాలి.

గీతల మాట వచ్చింది కాబట్టి ఇంకో రెండు మాటలు చెప్పి ముందుకు పోతాను. 2011 పట్టికల్లో కడప జిల్లా అని వెతికితే దొరకదు. 2010లో జిల్లా పేరు మారింది, అక్కడ ‘వై.ఎస్.ఆర్.’ అని ఉంటుంది, కోడ్ 551. రాష్ట్రం ఇంకా విడిపోలేదు కాబట్టి ఆదిలాబాద్‌తో మొదలయ్యే జాబితాలో చివర్లో ఎక్కడో ఉంటాం. 2001 పట్టికల్లో ఊరిపేరు ఇంగ్లీషువాళ్ళు రాసిన పాత స్పెల్లింగుతో ఉంటుంది, అది మారింది 2005లో. మరో ముఖ్యమైన సంగతి. 2011 పుస్తకంలోని వార్డు నంబరూ, ఇప్పుడు మీ కార్పొరేటరు డివిజన్ నంబరూ, 2019లో వచ్చిన వార్డు సచివాలయం నంబరూ ఒకటే అనుకోవద్దు. మూడూ వేరువేరు గీతలు. హద్దులు సరిచూసుకున్నాకే లెక్క మొదలుపెట్టండి.

ఇప్పుడు ఇంటి లోపలికి పోదాం. జనాభా లెక్కల్లో కుటుంబం అంటే ఏమిటి? చెప్పండి, ఎవరైనా. రక్తసంబంధమా? రేషన్ కార్డా? ఒకే తలుపా? కాదు. ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళు ఒక కుటుంబం. అంతే. నా బ్లాకులో ఒక పాత మిద్దె ఉండేది. పెద్ద వాకిలి, లోపల నడుమ తొట్టికట్టు, చుట్టూ గదులు. అరుగు మీద పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ‘ఎన్ని కుటుంబాలు పెద్దాయనా?’ అన్నాను. ‘ఒకటే సామీ, ముగ్గురు కొడుకులూ నా దగ్గరే ఉండారు’ అన్నాడు. ఎంత నిండుగా చెప్పాడో! నేను రాయబోతుంటే లోపలినుంచి కోడలు, తల బయటికి పెట్టకుండా, ‘మూడు పొయ్యిలు సార్’ అంది. పెద్దాయన ఏమీ అనలేదు. చేతిలో కర్రతో నేల మీద గీతలు గీస్తూ కూర్చున్నాడు.

మూడు కుటుంబాలని రాశాను. రాయాల్సింది అదే. కానీ పట్టికలో ‘కుటుంబాల సంఖ్య పెరిగింది, కుటుంబంలో సగటు మనుషులు తగ్గారు’ అని చదివినప్పుడల్లా నాకు ఆ కర్ర గుర్తుకొస్తుంది. మీ వార్డులో మనుషుల్ని కుటుంబాలతో భాగించి చూడండి. పదేళ్ళ నాటికన్నా అంకె తగ్గితే పిల్లలు తక్కువ పుట్టారనే కాదు, పొయ్యిలు వేరుపడ్డాయని కూడా అర్థం. కొత్తగా కట్టిన ఒక్క ఇల్లు లేకపోయినా కుటుంబాలు పెరగొచ్చు. గ్యాసు కనెక్షన్లు, కరెంటు మీటర్లు, కొళాయిలు, అన్నీ పొయ్యిని బట్టే కావాలి కదా.

అదే ఫారంలో నేల దేనితో వేశారని ఒక ప్రశ్న. మట్టి, చెక్క లేదా వెదురు, కాల్చిన ఇటుక, రాయి, సిమెంటు, మొజాయిక్ లేదా టైల్స్. ఢిల్లీలో కూర్చుని ఈ పట్టిక చదివేవాళ్ళు మట్టి నేలంటే పేదవాళ్ళు, రాతి నేలంటే కలిగినవాళ్ళు అనుకుంటారు. సహజమే. రాతి నేలంటే వాళ్ళకు పాలరాయి గుర్తుకొస్తుంది. మనకు? మనకు రాతి నేలంటే నాపరాయి! మన బండ! ఎర్రగుంట్ల వైపు, జమ్మలమడుగు వైపు నేల తవ్వితే వచ్చేదే అది. కొట్టంలో కూడా బండలు పరుచుకుంటాం. పొలం గట్టుకు బండ, వాకిట్లో బట్టలుతుక్కునేది బండ, పశువుల కొట్టంలో బండ. కాబట్టి కడప పట్టికలో ‘రాయి’ గడి నిండుగా ఉంటే అది సంపద కాదు, మన భూమి. ఇక్కడ ఇల్లు ఎట్లా ఉందో తెలియాలంటే నేల గడిని వదిలేసి పైకప్పు గడి చూడండి, గదులు ఎన్ని అన్న గడి చూడండి. గది అంటే కనీసం రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు ఉండి మనిషి పడుకోగలిగేది. వంటిల్లు, వరండా లెక్కలోకి రావు. అట్లాంటి గది ఒక్కటే ఉండి ఆరుగురు ఉన్నారంటే, బండ ఎంత నున్నగా ఉంటే మాత్రం ఏం సుఖం?

ఇది గుర్తుపెట్టుకోండి. ఒకే గడి ఒక్కో ఊళ్ళో ఒక్కో మాట చెబుతుంది. ఆ మాట ఏమిటో ఆ ఊరివాళ్ళకే తెలుస్తుంది. అందుకే ఈ పట్టికలు చదవాల్సింది మనం. పైనుంచి ఎవరో చదివి చెప్పేదాకా కూర్చోకూడదు.

ఇక సగటు సంగతి. ఒక వార్డులో నూటికి 60 ఇళ్ళకు ఇంటి ఆవరణలోనే నీళ్ళున్నాయని ఉందనుకుందాం. ఇది ఉదాహరణకు నేను అనుకున్న అంకె, పట్టికలోది కాదు. ‘ఫర్వాలేదు, సగానికి పైనే’ అంటాం. ఆ వార్డులో రోడ్డు వైపు 50 ఇళ్ళు, వంక (వాగు) వైపు 50 ఇళ్ళు. రోడ్డు వైపు 45 ఇళ్ళకు నీళ్ళున్నాయి, వంక వైపు 15 ఇళ్ళకు. కలిపితే 60. ఇప్పుడు చెప్పండి, అరవై శాతం నీళ్ళున్న వీధి ఆ వార్డులో ఎక్కడుంది? లేదు! తొంభై వీధి ఉంది, ముప్పై వీధి ఉంది, అరవై వీధి లేదు. లేని వీధిని చూసి మనం ఫర్వాలేదనుకుంటున్నాం. ఆ ముప్పై వీధిలో ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని ఎంత దూరం నడుస్తున్నారో ఆ అంకెలో కనపడదు.

అందరికీ దొరికే పట్టికలు వార్డు దగ్గర ఆగిపోతాయి. వార్డు కింద ఏముందో తెలుసుకోవడానికి మార్గం ఒక్కటే, చెప్పులేసుకుని నడవడం. కానీ వార్డు వరకే ఉన్నా అందులో చాలా సరుకుంది. మురుగు నీళ్ళు ఎక్కడికి పోతాయి, మూసిన కాలువలోకా, తెరిచిన కాలువలోకా, అసలు కాలువే లేదా, అని ఒక ప్రశ్న ఉంది. మన ఊళ్ళోంచి పారే బుగ్గవంక ఒడ్డున ఉండేవాళ్ళకు ఆ గడి విలువ చెప్పాలా? 2001లో వంక పొంగింది, పెద్దవాళ్ళందరికీ గుర్తుంది. ఆ ఏడాది జనాభా లెక్క మార్చి 1 నాటిది. వంక వచ్చింది ఆ తర్వాత వానల్లో. అంటే 2001 లెక్కలో వంక ఒడ్డున కనిపించే మనుషులు వరదకు ముందటి మనుషులు. తర్వాతి లెక్క పదేళ్ళకు. మధ్యలో ఎవరు కొట్టుకుపోయారో, ఎవరు ఇల్లు వదిలి ఎటు పోయారో పట్టికకు తెలియదు. అది అడగాల్సింది ఆ వీధిలో ముసలివాళ్ళను.

వంకకు సంబంధించిందే ఇంకోటి. వయసు అడిగితే మనవాళ్ళు ఏం చెబుతారు? ‘ఒక నలభై వేసుకో సార్.’ ‘యాభై ఉంటాయిలే.’ అందుకే పట్టికల్లో 40, 45, 50 దగ్గర జనం కుప్పపడి ఉంటారు, 41, 43 దగ్గర పలచగా ఉంటారు. ఒకమ్మ కొడుకు వయసు చెప్పలేకపోయింది. ‘వంక వచ్చినప్పుడు వీన్ని భుజాన వేసుకుని మిద్దె ఎక్కినా సార్, అప్పటికి నడక రాలేదు’ అంది. అది చాలు. సరిగ్గా లెక్క కుదిరింది.

చదువు లెక్క గురించి తొందరగా చెప్పేస్తాను. అక్షరాస్యత శాతం కట్టేటప్పుడు అక్షరాస్యుల్ని మొత్తం జనాభాతో భాగించకూడదు. 0-6 పిల్లల్ని తీసేసి మిగిలినవాళ్ళతో భాగించాలి. 5,000 మందిలో 600 మంది చిన్నపిల్లలు, 3,300 మంది అక్షరాస్యులు అనుకోండి. తప్పుగా చేస్తే 66 శాతం, సరిగ్గా చేస్తే 75. మొత్తం జనాభాతో భాగిస్తే పిల్లలు ఎక్కువున్న పేద వీధికే ఎక్కువ అన్యాయం జరుగుతుంది.

ఆడవాళ్ళ, మగవాళ్ళ నిష్పత్తి చూసేటప్పుడు కూడా ఆగి చూడండి. వార్డులో మగపిల్లల హాస్టలుంటే ఒక రకంగా ఉంటుంది, మన సెంట్రల్ జైలున్న చోట ఇంకో రకంగా ఉంటుంది. వాళ్ళను కూడా అక్కడే లెక్కపెడతారు. మన జిల్లాకు మరీ ముఖ్యమైంది, మన మగవాళ్ళు పనికని పోయే కువైట్. 2011లో నిబంధన ఏమిటంటే ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు ఎప్పుడైనా ఇంట్లో ఉన్నవాళ్ళను, ఆ లోపల తిరిగి వచ్చేవాళ్ళను రాయాలి. ఆ రోజులన్నీ కువైట్లో ఉన్నవాణ్ణి రాయకూడదు. ఒకింట్లో గోడకు ఫోటో ఉంది, మేకుకు చొక్కా ఉంది, మూలన బూట్లున్నాయి, మనిషి ఫారంలో లేడు. భార్య అడిగింది, ‘ఇల్లు ఆయన డబ్బుతోనే కట్టినాం కదా సార్, ఆయన పేరు రాయకపోతే ఎట్లా?’ నేనేం చెప్పాలి? నిబంధన చెప్పాను. ఆమె తల పక్కకు తిప్పుకుంది. ఇంటి పెద్ద గడిలో ఆమె పేరు రాశాను. మీ వార్డులో ఆడవాళ్ళ సంఖ్య మగవాళ్ళను దాటితే సంతోషపడే ముందు ఎన్ని ఇళ్ళలో అట్లా చొక్కాలు వేలాడుతున్నాయో కనుక్కోండి.

పని లెక్క. ఇది నా మనసులో ఇప్పటికీ నలుగుతున్న విషయం. ఒకింటి ముందు నిలబడి భార్య ఏం చేస్తుందని అడిగాను. ‘ఏం చెయ్యదు సార్, ఇంట్లోనే ఉంటాది’ అన్నాడు భర్త. లోపల మిషను చప్పుడు వినపడుతూనే ఉంది, టకటక టకటక, ఆగకుండా. ‘లోపల ఎవరు కుడుతున్నారు?’ అన్నాను. ‘ఆమే’ అన్నాడు. అప్పుడామెను పిలిచి అడిగాను. ‘దినానికి నాలుగు జాకెట్లు కుడతా సార్. రంజానుకు, పెండ్లిండ్ల దినాల్లో రాత్రి పన్నెండు దాకా’ అంది. ఆరు నెలలకు మించి చేసే పని అది. ముఖ్య పనివాళ్ళ కింద, గృహ పరిశ్రమ గడిలో పడాలి. ఆరోజు చప్పుడు విన్నాను కాబట్టి రాశాను. చప్పుడు లేని పనులో? ఊరగాయలు పెట్టి అమ్మేవాళ్ళు, పూలు కట్టేవాళ్ళు? ఇంట్లో మగవాళ్ళు ‘ఏం చెయ్యదు’ అంటే, ఎండలో తిరిగి అలసిపోయిన ఎన్యూమరేటరు సరేనని ‘పని చెయ్యనివారు’ గడిలో వేసి పోతాడు. మన పేటల్లో పనిచెయ్యని ఆడవాళ్ళు అంతమంది ఉన్నారని పట్టిక చెబితే నేను నమ్మను. మీరూ నమ్మొద్దు.

పట్టికలో దొరకనివి కూడా ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీ సంఖ్య వార్డుకు దొరుకుతుంది. మతం లెక్క పట్టణం వరకే అచ్చువేశారు, వార్డుకు విడదీసి ఇవ్వలేదు. ఆదాయం ఎంతని అసలు అడగనే లేదు. అందుకే కదా టీవీ ఉందా, సైకిలుందా, బ్యాంకు ఖాతా ఉందా అని పక్కదారిలో అడిగేది.

ఇప్పుడు రాబోయే లెక్క. మొదట ఇళ్ళ లెక్క, 2026 ఏప్రిల్, సెప్టెంబరు నెలల మధ్య రాష్ట్రాన్ని బట్టి. తర్వాత 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్క, అందులో అందరి కులం కూడా రాస్తారు. అట్లా అందరి కులాల లెక్కా జనాభా లెక్కల్లో అచ్చయింది చివరిసారి 1931లో. ఫోన్లోనే నింపుతారు, మీ వివరాలు మీరే నింపుకునే వీలు కూడా ఉంది. ఇళ్ళ లెక్కలో ఈసారి ఇంట్లో ముఖ్యంగా ఏ ధాన్యం తింటారని ఒక ప్రశ్న ఉంది. నాకు ఆ ప్రశ్న ఎంత నచ్చిందో! సంగటి తినే ఇల్లేది, వరి బువ్వ తినే ఇల్లేది అని మన సీమలో ఇంటింటికీ రాస్తారన్నమాట.

చెబితే ఏమవుతుందో అని భయపడేవాళ్ళున్నారు. పింఛను పోతుందనీ, పన్ను వేస్తారనీ 2011లో నన్నే అడిగారు. 1948 నాటి జనగణన చట్టంలో 15వ సెక్షను ఉంది. మీరు చెప్పినదాన్ని ఇంకెవరికీ చూపించకూడదు, కోర్టులో సాక్ష్యంగా కూడా పెట్టకూడదు. ఆ చట్టంలోనే 8వ సెక్షనులో ఒక ముచ్చటైన మాట ఉంది. ఆచారం ప్రకారం భర్త పేరు పలకని ఆడమనిషిని ఆ పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. మా అమ్మ జీవితంలో ఒక్కసారి కూడా మా నాన్న పేరు పలకలేదు. ఆ చట్టం రాసినవాళ్ళకు మా అమ్మలాంటి వాళ్ళు తెలుసు.

అమ్మా, మీకొక మాట. లెక్క రాసేవాళ్ళు వచ్చినప్పుడు మీరే బయటికి వచ్చి చెప్పండి. ఎవరూ మీ బదులు ‘ఏం చెయ్యదు’ అని చెప్పనివ్వొద్దు. కుట్టే మిషను, కట్టే పూలు, పెట్టే ఊరగాయ, అన్నీ చెప్పండి. పిల్లలూ, ఆరోజు మీరు ఇంట్లో ఉంటే అవ్వ పక్కన కూర్చోండి. పొయ్యిలు ఎన్నో సరిగ్గా చెప్పించండి.

ఇక చాలు, మాటలు. అదిగో ఆ బల్ల మీద 2011 వార్డు పట్టికలు జిరాక్సు తీసి పెట్టాం, ఒక్కో వార్డుకు ఒక్కో కాగితం. మీ వార్డుది తీసుకోండి. వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకు, ఎండ ఎక్కకముందే బయల్దేరదాం. చిన్నచౌక్ వాళ్ళు ఒక గుంపు, ఎర్రముక్కపల్లె వాళ్ళు ఒక గుంపు, పాత కడప వాళ్ళు ఒక గుంపు. కాగితంలో మురుగుకాలువ గడి, నీళ్ళ గడి, గదుల గడి, ఈ మూడే చూసుకుంటూ నడవండి. వీధిలో పెద్దవాళ్ళు అరుగు మీద కనపడితే కూర్చోండి, 2011లో ఇక్కడ ఏముండేదని అడగండి, చెప్పింది కాగితం వెనక రాసుకోండి. బుగ్గవంక వైపు వాళ్ళు నాతో రండి.